రెండుసార్లు కుట్టిన మూట

కోడూరు,
జూలై 10, గురువారం.

అమ్మా కల్పనా,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వెలా ఉన్నావో ఆ ప్రభువుకే తెలియాలి. విమానంలో వాంతులయ్యాయా? కొంగున కట్టి ఇచ్చిన ఉప్పు నిమ్మకాయ ముక్క నోట్లో పెట్టుకున్నావా, పాస్టరు అయ్యగారు చూస్తారని సిగ్గుపడి పారేశావా?

ఫోనులో మాట్లాడితే నాకు సగం వినపడదు. వినపడిన సగం నన్ను నిద్రపోనివ్వదు. అందుకని నువ్వు చెప్పినట్టే రూళ్ళ నోటుబుక్కు కొన్నాను. నేను కాగితం మీద రాస్తాను, వంతెన దగ్గర ఇడ్లీలు వేసే భాగ్యమ్మ తన ఫోనుతో ఫొటో తీసి పంపుతుంది. మీరు శనివారాలు సంతకి వెళ్ళినప్పుడే ఫోను పనిచేస్తుందన్నావు కదా, అప్పుడు చూసుకో. నువ్వూ కాగితం మీదే రాసి ఫొటో పంపు. నాకు భాగ్యమ్మే చదివి పెడుతుంది. నా కళ్ళజోడు పాతబడింది. అక్షరాలు గీత దాటి పోతుంటే ఏమీ అనుకోకు.

బందరు నుంచి ఏడుగురు వెళ్ళారు. నలభై రోజులకి ఏడుగురూ దిగాలని పొద్దునా సాయంత్రం పేరు పేరునా ప్రార్థిస్తున్నాను. మన సంఘం వాళ్ళు సముద్రం అవతలి పల్లెటూరికి సేవకి వెళ్ళడం నేనెప్పుడూ వినలేదు. తుఫాను తర్వాత మన దివిసీమకే దొరలు వచ్చేవాళ్ళు, పాలపొడి, దుప్పట్లు పట్టుకుని. అప్పుడు నాకు పదహారేళ్ళు. ఒక దొరసాని నన్ను కూర్చోబెట్టి తల దువ్వి ఫొటో తీసుకుంది. మళ్ళీ వస్తానంది. ఆ ఫొటో ఎవరింట్లో ఉందో అని నేను చాలా ఏళ్ళు అనుకునేదాన్ని. ఇప్పుడు మీరే దొరలయ్యారు. నువ్వు మాత్రం ఎవరి తలా దువ్వి ఫొటో తియ్యకు. మళ్ళీ వస్తానని ఎవరితోనూ అనకు.

బట్టల మూట దిగిందా? తడవలేదు కదా? మూతి విప్పేశారా? పంచేది నువ్వేనా, వేరే వాళ్ళా?

నీళ్ళు కాచుకుని తాగు. చెప్పులు లేకుండా నడవకు. పాములు మన పాములలాగే ఉంటాయని అనుకోకు. పాసుపోర్టు తలగడ కింద పెట్టుకో. కాదు, తలగడ కింద వద్దు, అందరూ ముందు అక్కడే వెతుకుతారు.

కాలవకి నీళ్ళు వదిలారు. నారుమళ్ళు పోస్తున్నారు.

నీ మేనత్త, ఆ తర్వాతే అత్త,
ఎస్తేరు


మడగాస్కర్,
జూలై 18, శుక్రవారం.

అత్తా,

ఊరి పేరు రాస్తే సగం గీత నిండిపోతుంది, అందుకని దేశం పేరే రాశాను. నాకు వాంతులు కాలేదు. నీ ఉప్పు నిమ్మకాయ అయ్యగారికే పనికొచ్చింది.

ఇది మన ఊరిలాంటి ఊరే. వరిచేలు, బురద, మూపురాల ఎద్దులు. ఇళ్ళు మాత్రం గుంజల మీద కట్టుకుంటారు. ఇక్కడ కూడా తుఫాన్లు వస్తాయట. మూడు పూటలా అన్నమే. గిన్నె అడుగున మాడు మిగులుతుంది చూడు, అందులో నీళ్ళు పోసి మరిగించి ఆ నీళ్ళే తాగుతారు. వచ్చినవాళ్ళకి ముందు అవే ఇస్తారు. నువ్వు మాడిన గిన్నెలో నీళ్ళు పోసుకుని తాగితే నేను ఎంత విసుక్కునేదాన్ని! ఇక్కడ రెండు చేతులా పట్టుకుని తాగాను.

ఆసుపత్రి అంటే ఒక రేకుల షెడ్డు. ప్రియా నేనూ ఇద్దరమే నర్సులం. రోజుకి అరవై డెబ్భై మంది వస్తారు. మిగిలినవాళ్ళు బడికి కప్పు వేస్తున్నారు. ఇంగ్లీషు వచ్చిన టీచరమ్మ ఒకావిడ మా మాట వాళ్ళకీ, వాళ్ళ మాట మాకూ చెబుతుంది. సాయంత్రానికి కాళ్ళు నావి కావు. అలసిపోయానని మాత్రం అనకూడదు, దేవుడి పని చేసేవాళ్ళ సాక్ష్యం పాడవుతుందట. నీకు రాస్తే పాడవదు కదా. అలసిపోయాను అత్తా.

మూట తడవలేదు. ఆదివారం ప్రియ పంచింది. మూతికి రెండు కుట్లున్నాయి, నేను కుట్టిన పురికొస మీద నల్లదారం. నేను ఒక్కసారే కుట్టినట్టు గుర్తు.

ఒక మాట రాయాలా వద్దా అని మూడు రోజులుగా అనుకుంటున్నాను. రకూతు అని ఒకాయన కాలికి పార తగిలి రోజూ కట్టు కట్టించుకోవడానికి వస్తాడు. సోమవారం గట్టు మీద నడిచి వెళ్తుంటే చూశాను. వెనక నుంచి అచ్చం మా బావ. నీ కొడుకే నడిచి వెళ్తున్నట్టు ఉంది. ఆ రోజు అన్నం తినలేకపోయాను. చదివేది భాగ్యమ్మత్త కదా, ఇంతకంటే రాయను.

(వెనక పేజీ చూడు)

ఇంకో సంగతి. మేలో నాన్న వచ్చినప్పుడు, గుడివాడ వచ్చెయ్యమ్మా, సంబంధం చూస్తానన్నాడు. నువ్వు బాధపడతావని నీకు చెప్పలేదు. నేను రానని చెప్పేశాను. నువ్వు నా ప్రయాణం రోజున బస్టాండులో నా మొహం చూసిన తీరు గుర్తొచ్చి రాస్తున్నాను. ఎన్ని రోజులకైనా నేను వచ్చేది కోడూరుకే. ఈ మాట మళ్ళీ మళ్ళీ రాయను, నాకు సిగ్గు.

నీ కోడలు,
కల్పన


కోడూరు,
జూలై 24, గురువారం.

కల్పనకి,

నీ ఉత్తరం ఆదివారం పొద్దున చదివించుకున్నాను. ఎక్కడ? భాగ్యమ్మ పొయ్యి దగ్గర. ఒక చేత్తో ఇడ్లీ పాత్ర దించుతూ ఇంకో చేత్తో ఫోను పట్టుకుని చదివింది. బల్ల మీద పొలానికి వెళ్ళే మనుషులు ఆరుగురు, అవనిగడ్డ బస్సు కండక్టరూ కూర్చున్నారు. "వెనక నుంచి అచ్చం మా బావ" అన్న చోట ఆగి, "ముందు నుంచి ఎలా ఉంటాడో రాయలేదే వదినా!" అంది. అందరూ నవ్వారు. చట్నీ కోసం చెయ్యి చాపిన కండక్టరూ నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఏడిస్తే ఇంకా వినోదం కదా.

"ఇంతకంటే రాయను" అని చదివి, "అంతే వదినా" అని ఫోను బొడ్లో దోపేసుకుంది. చివర నీ పేరు కూడా లేదంది. సంతకం పెట్టడానికి తీరిక లేనంత పనా, లేక ఆయన కట్టు కట్టించుకోవడానికి వచ్చాడా? తిరిగి వచ్చే మాట ఒక్కటైనా రాయలేదేం?

సోమవారం మీ నాన్న వచ్చాడు. బందరు లడ్డు పొట్లం చేతిలో పెట్టి కూర్చోగానే మొదలుపెట్టాడు.

"అక్కా, నా కూతురికి ముప్పై నాలుగు. బావ పోయి నాలుగేళ్ళు."

"ప్రసాదు నీకు బావ కాదు, మేనల్లుడు. పోయినవాడి వరసైనా సరిగ్గా పలుకు" అన్నాను.

"వరసలకేం, నోరు జారింది. నీ ముసలితనానికి చేతికర్ర చేసుకుని ఎన్నాళ్ళు పట్టుకుంటావు దాన్ని?"

కాఫీ ఇస్తే తాగాడు. అంత మాట అన్నాక కూడా పంచదార తక్కువైందన్నాడు. గుడివాడలో ఒకాయన ఉన్నాడట, భార్య పోయింది, రైల్వేలో పని. "మేలోనే దానితో చెప్పాను, నీతో అనలేదా?" అన్నాడు. అదేమందిరా అని అడిగితే బస్సుకి టైమైందని లేచాడు.

నువ్వు నాతో అనలేదు. సరే, అనకు.

ఆదివారం కూడికలో రత్నకుమారి అమ్మగారు, "మన జట్టులో ఒకరిని దేవుడు అక్కడే ఇంకొంతకాలం ఉంచుకోబోతున్నాడు, వాళ్ళ ఇంటివాళ్ళ కోసం ప్రార్థించండి" అని చెప్పింది. పాస్టరు భార్య, ఆమెకి తెలియకుండా అంటుందా? అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఎవరు నా వైపు తిరుగుతారో చూశాను. నలుగురు తిరిగారు.

ఆ రకూతుకి భార్యా పిల్లలూ ఉన్నారా? ఏం బట్టలు వేసుకుంటాడు?

ఎస్తేరు


మడగాస్కర్,
జూలై 25, శుక్రవారం.

అత్తా,

నీ ఈ వారం ఉత్తరం రేపు సంతలో చూస్తాను. అది చూడకుండానే ఇది రాస్తున్నాను. కాగితాలు తడిసిపోయాయి, ఇక ఒక్క పేజీలోనే సర్దుకోవాలి.

ప్రియకి వచ్చిన జ్వరం ఎంతకీ తగ్గలేదు. బుధవారం మా జట్టులోని కళ్యాణ్ తోడుగా వెనక్కి పంపేశారు. ఇప్పుడు షెడ్డులో నేనొక్కదాన్నే. నిన్న ఒక పిల్లకి సెలైను పెడుతూ నిలబడే కునికిపాటు పడ్డాను. టీచరమ్మ నా భుజం పట్టుకుంది. ఆ పిల్ల బతికింది.

పాస్టరు శామ్యూల్ రాజ్ అయ్యగారు నన్ను నవంబరు ఆఖరు దాకా ఉండమంటున్నారు. అప్పటికి ఇక్కడి అమ్మాయిలు ఇద్దరికి పని నేర్పాలట. మా అత్తని అడగాలి అన్నాను. "ఆమె దైవభక్తురాలు, కాదనదు" అన్నారు. మా అత్త దేవుడిని కూడా నాలుగు ప్రశ్నలు అడిగి గానీ సరే అనదండీ అన్నాను. నువ్వు వద్దంటే వచ్చేస్తాను. నిజంగా అడుగుతున్నాను.

ఇంకొకటి. మన బీరువాలో కింద అరలో, నా ఆకుపచ్చ చీర మడతలో ఒక కవరుంటుంది. అది ఉందో లేదో చూసి చెప్పు. భాగ్యమ్మత్తకి చెప్పకు.

కల్పన


కోడూరు,
జూలై 31, గురువారం.

కల్పనకి,

భాగ్యమ్మకి చెప్పకని రాసిన ముక్క కూడా భాగ్యమ్మే చదవాలని మర్చిపోయావు. గట్టిగా చదివింది. ఆ రోజు నాకు చట్నీ వెయ్యలేదు. అప్పటి నుంచి బీరువాలో బంగారం ఉందని వీధంతా అనుకుంటున్నారు. భాగ్యమ్మ మాత్రం నీ సర్టిఫికెట్లంటోంది. "అక్కడే ఉద్యోగం వేయించుకుంటుంది కాబోలు వదినా, కాగితాలు అడుగుతోంది" అని.

బీరువా తాళంచెవి కనపడలేదు.

ఉండమంటే ఉండు. నన్నెందుకు అడగడం? అమ్మగారు కూడికలో చెప్పేశాక నన్ను అడిగారు. నారు పోసేశాక గింజలు బాగున్నాయా అని అడిగినట్టుంది. నేను వద్దంటే దేవుడి పనికి అడ్డం పడిన ముసలిదాన్ని అవుతాను. సరే అంటే, చూశావా, కోడలి మీద ఎంత ప్రేమో ఎంత తేలిగ్గా వదిలేసిందో అంటారు. నాకు రెండు మాటలూ పడే ఓపిక లేదు.

వరద వస్తుందని ఆటోలో మైకు పెట్టి తిరుగుతున్నారు. బియ్యం డబ్బా బల్ల మీద పెట్టాను. పెట్టాక నడుం పట్టేసింది. తర్వాత వరద రాలేదు. డబ్బా బల్ల మీదే ఉంది, దించడానికి మనిషి లేదు. రోజూ స్టూలెక్కి బియ్యం తీసుకుంటున్నాను. ఇది నిన్ను బాధపెట్టడానికి రాయడం లేదు. రాశాను, అంతే.

మీ నాన్న మళ్ళీ వస్తాడట. ఆ రకూతు సంగతి అడిగాను, జవాబు లేదు.

ఎస్తేరు


మడగాస్కర్,
ఆగస్టు 8, శుక్రవారం.

అత్తా,

అంతకుముందు శనివారం సంతలో నా ఫొటో వెళ్ళింది గానీ నీది తెరుచుకోలేదు, పోయిన శనివారం సంతకి వెళ్ళే బండి చెడిపోయింది. నీ ఉత్తరాలు రెండూ నిన్న టౌనుకి మందుల కోసం వెళ్ళినప్పుడు ఒక్కసారే చూశాను.

భాగ్యమ్మత్తా, ఇక్కడి నుంచి గట్టిగా చదవకు. కొట్టు దగ్గర వద్దు. మా అత్త చెవి దగ్గర చదువు. నీకు దండం పెడతాను.

బీరువా తాళంచెవి చింతపండు జాడీలో ఉంటుంది. పన్నెండేళ్ళుగా అక్కడే ఉంది. పెట్టేది నువ్వే. కనపడలేదని రాశావు. అప్పుడే నాకు అర్థమైంది.

రకూతు వెనక నుంచి బావలా ఎందుకున్నాడంటే, వేసుకున్నది బావ చొక్కా. నీలం గళ్ళది, బందరులో కుట్టించింది. మొదట నాలాంటి పిచ్చిది ఉండదనుకున్నాను. నీలం గళ్ళ చొక్కాలు లోకంలో ఎన్ని లేవు? కట్టు కట్టేటప్పుడు ముందు నుంచి చూశాను. మూడో గుండీ మెరూన్ రంగుది. అన్నీ తెల్లవి, అదొక్కటే మెరూన్. అది కుట్టిన చెయ్యి నీది. నేను కట్టు సగంలో వదిలేసి షెడ్డు వెనక్కి వెళ్ళిపోయాను.

టీచరమ్మ అడిగితే చెప్పాను, అది మా ఆయన చొక్కా అని. ఆయన పోయాడని. ఆవిడ రకూతుకి చెప్పింది. మర్నాడు అతను చొక్కా ఉతికి, బొగ్గుల ఇస్త్రీ చేయించి, అరిటాకులో పెట్టి తెచ్చాడు. వేసుకోవడానికి అతనికి ఇంకో మంచి చొక్కా లేదు. చలికి పైన గోనెపట్టా కప్పుకుని వచ్చాడు. తీసుకోవయ్యా నీకే ఇచ్చాం అంటే వినలేదు. "పోయినవాడికి తల్లి ఉందా?" అని అడిగాడు. ఉంది అన్నాను. "ఆమె ఇమ్మందా?" అన్నాడు. ఆమెని అడగాలి అన్నాను. తల్లి ఒప్పుకోకుండా పోయినవాడి బట్ట తను తొడుక్కోడట. చొక్కా ఇప్పుడు నా దగ్గరుంది.

అతనికి భార్య ఉంది. నలుగురు పిల్లలు. రకూతు తల్లి రోజూ వచ్చి నాకు మాడు నీళ్ళు ఇస్తుంది. నువ్వు అడిగావు కదా.

కూడికలో చెప్పింది నా గురించేనేమో, నాకు తెలియదు. నన్ను అడగకముందే చెప్పారు. అయ్యగారితో ఆ మాట అన్నాను, అమ్మగారి తొందరపాటు అన్నారు. తిరిగి వచ్చే మాట రాయలేదంటావు. నా మాట మీద నమ్మకం లేనప్పుడు ఇంకోసారి రాస్తే మాత్రం కలుగుతుందా? ఎక్కడికి వస్తానో రాసేశాను, మళ్ళీ రాయను.

ఒక్కటే అడుగుతాను. మూటకి రెండో కుట్టు నీది. ఆ కవరులో ఏముందో చూడకుండా వేశావా, చూసే వేశావా? ఏదైనా సరే, నిజం రాయి.

కల్పన


కోడూరు,
ఆగస్టు 13, బుధవారం.

అమ్మా కల్పనా,

భాగ్యమ్మ కొట్టు మూసేసింది. పొయ్యిలో నీళ్ళు చల్లి, కూర్చున్నవాళ్ళతో "లేవండయ్యా, ఇవాళ ఇంతే" అని, మా ఇంటికొచ్చి తలుపు వేసి చదివింది. నీకు దండం పెడతానన్న చోట ఫోను ఒళ్ళో పెట్టేసుకుంది. "ఆ రోజు అందరి ముందూ నవ్వించాను వదినా, నా నోరు పడ" అని కళ్ళు తుడుచుకుంది. ఈ ఉత్తరం చదవకుండా ఫొటో తీస్తానని ఒట్టు వేసింది. చదివినా చదవనీ.

చూసే వేశాను.

మీరు బందరులో ప్రార్థనకి వెళ్ళిన సాయంత్రం మూట మన వసారాలోనే ఉంది. దబ్బనం తీసుకుని నీ కుట్టు విప్పాను. జాడీలో నుంచి తాళంచెవి తీశాను. కవరులో నుంచి చొక్కా తీసి మూటలో మధ్యగా వేసి, పైన దుప్పటి సర్ది, నల్లదారంతో మళ్ళీ కుట్టాను. పురికొస దొరకలేదు. నువ్వు కనిపెడతావని అప్పుడే అనుకున్నాను.

ఎందుకంటే చెబుతాను. ప్రసాదు రొయ్యల చెరువు మీద నీళ్ళు చిలికే ఏరియేటరు కరెంటు కొట్టి పోయాక ఆదరణ కూడిక నాడు వాడి బట్టలన్నీ పంచేశాం. ఒక్కటి నువ్వు దాచావు. నాకు అప్పుడే తెలుసు, ఏమీ అనలేదు. నెలకోసారి ఉతికి దొడ్లో ఆరేసేదానివి, వాకిట్లో కాదు. ఎవరూ తొడుక్కోని చొక్కాకి మట్టి ఎక్కడిది అమ్మా? నేను పోయాక ఈ ఇంట్లో నువ్వూ ఆ చొక్కా మిగులుతారు, ఈ పిల్ల దాన్ని ఉతుక్కుంటూ ముసలిదైపోతుంది అని భయమేసింది. అదే కారణమని నాకు నేను చెప్పుకున్నాను. ప్రార్థనలో కూడా అదే చెప్పాను.

అది సగం. మిగతా సగం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

వాడిని కన్నది నేను. నాకు ఏమీ మిగల్లేదు. నువ్వు అడిగి తీసుకున్నావా? నాకు సగం ఇస్తానన్నావా? చొక్కాని సగం ఎలా చేస్తారు, అది కూడా తెలుసు. అయినా దొడ్లో అది ఆరుతుంటే నువ్వు బయటికి వెళ్ళాక వెళ్ళి ముట్టుకునేదాన్ని. సబ్బు వాసన తప్ప ఏమీ ఉండేది కాదు. వాడి వాసన నువ్వే ఉతికేశావని కోపమొచ్చేది.

ఇంకొకటి కూడా ఉంది. ఇది రాస్తే ఇక దాచుకోవడానికి నా దగ్గరేం లేదు. నువ్వు ఈ ఇంట్లో ఉంటున్నది చొక్కా కోసమా, నా కోసమా అని తెలుసుకోవాలనిపించింది. చొక్కా లేకపోతే ఉంటుందో పోతుందో చూద్దామనుకున్నాను. మూట బస్సు ఎక్కగానే, పోతుంది, ఇక రాదు అనిపించింది. అప్పటి నుంచి ఇదే గోల. నీకు రాసిన ఉత్తరాలన్నీ ఆ గోలే. మూట తడిసిందా, ఎవరు పంచారు, ఆయనేం బట్టలు వేసుకుంటాడు అని ఊరికే అడగలేదు. చేతులారా చేసి ఎదుటివాళ్ళని అనుమానించాను.

రకూతుకి చెప్పు. పోయినవాడి తల్లి ఇమ్మంది అని చెప్పు. చలికి గోనెపట్టా కప్పుకోవద్దని చెప్పు. ఉతికేటప్పుడు కాలరు పట్టి పిండితే చిరుగుతుంది. మూడో గుండీ రెండు పేటల దారంతో కుట్టాను, ఊడదు, అయినా లాగొద్దని చెప్పు. నీకు చొక్కా కావాలంటే నీ ఇష్టం. అది నీది. నేను ఇవ్వడానికి నాకు హక్కు లేదు. కానీ ఆయన అడిగింది తల్లిని కదా. తల్లి చెప్పింది.

నవంబరు దాకా ఉండు. ఇది అలిగి రాస్తున్నది కాదు. సెలైను పెట్టిన పిల్ల బతికిందన్నావు, అది భాగ్యమ్మ చేత రెండుసార్లు చదివించుకున్నాను.

నా కన్ను సంగతి కూడా రాసేస్తాను. కుడికన్నులో శుక్లం ముదిరింది. ఏప్రిల్లోనే చెప్పారు. నీకు చెబితే ప్రయాణం మానేస్తావని చెప్పలేదు. కళ్ళజోడు పాతది కాదు, కన్నే పాతది. ఆపరేషను నువ్వొచ్చాకే అనుకున్నాను. ఇప్పుడు భాగ్యమ్మ తీసుకెళ్తానంది. ఇరవై ఎనిమిదిన బందరులో. ఇడ్లీ పాత్ర ఒక రోజు మూసేస్తే ఊరు చావదంది.

నీకు ఏమవుతానో నువ్వే రాసుకో,
ఎస్తేరు


మడగాస్కర్,
ఆగస్టు 22, శుక్రవారం.

అత్తా,

ఆదివారం కూడిక తర్వాత ఇచ్చాను. నువ్వు రాసినవన్నీ టీచరమ్మ చేత చెప్పించాను, కాలరు సంగతితో సహా. గుండీ సంగతి చెప్పగానే రకూతు దాని మీద బొటనవేలు పెట్టి తల వంచాడు. పక్కనే ఉన్న వాళ్ళమ్మ ఏదో అడిగింది. నీ పేరట. ఎస్తేరు అని చెప్పాను. ఆవిడ రెండుసార్లు పలికింది. అప్పుడు అతను తొడుక్కుని గట్టు మీద వెళ్ళిపోయాడు. నేను చూస్తూ నిలబడ్డాను. ఈసారి రకూతులాగే ఉన్నాడు.

ఆవిడ నీకు లవంగాలు ఇచ్చింది. సోమవారం మనవాళ్ళు బయల్దేరారు, అయ్యగారి చేత పంపాను. ఆయన మర్చిపోతే అడుగు, మొహమాటపడకు.

కోపం పోయిందని రాయను. ఉంది. చొక్కా కంటే నీ కన్ను సంగతి దాచినందుకు ఎక్కువ ఉంది. నర్సుని ఇంట్లో పెట్టుకుని మూడు నెలలు చీకట్లో తడుముకున్నావు. దొడ్లో ముట్టుకునేదానివని నాకు తెలియదు. తెలిస్తే ఉతికేదాన్ని కాదు.

నేను ఉండిపోయాను. షెడ్డులో ఇద్దరమ్మాయిలు పని నేర్చుకుంటున్నారు, సూది గుచ్చే ముందు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. చాలా అలసటగా ఉంది అత్తా. కానీ రాత్రి పడుకుంటే నిద్ర పడుతోంది.

చొక్కా కోసమా నీ కోసమా అని అడిగావు. మొదటి ఉత్తరంలోనే రాశాను కదా. దానికి నువ్వు ఒక్క మాటైనా జవాబు రాయలేదు. నమ్మలేదనుకున్నాను.

ఆపరేషను అయ్యాక వారం తలస్నానం చెయ్యకు. వంగి బరువులు ఎత్తకు. బియ్యం డబ్బా భాగ్యమ్మత్త చేత దింపించు.

కల్పన


కోడూరు,
సెప్టెంబరు 4, గురువారం.

నా తల్లీ కల్పనా,

ఆపరేషను అయ్యింది. ఐదు నిమిషాల పని, నాలుగు గంటలు కూర్చోబెట్టారు. పక్క మంచం మీద పెడన ఆవిడ, నలభై ఏళ్ళు చీరల మీద అద్దకం వేసిందట, కట్టు విప్పగానే తన చేతులు చూసుకుని "ఇంత రంగు పట్టిందా!" అంది. నేను విప్పగానే భాగ్యమ్మని చూశాను. మనిషి ఇంత ముసలిదైపోయిందనుకోలేదు. ఆ మాట అంటే, "ముందు ఇంటికెళ్ళి అద్దం చూసుకో వదినా, తర్వాత నన్నందువు గాని" అంది.

అక్షరాలు గీత మీదే ఉన్నాయి చూడు.

బియ్యం డబ్బా దింపించాను. లవంగాలు వచ్చాయి. అయ్యగారు మర్చిపోయారు, అడిగి తీసుకున్నాను. అవి వంటలో వెయ్యడం లేదు, కవరులో పెట్టి ఆకుపచ్చ చీర మడతలో ఉంచాను. తాళంచెవి జాడీలోనే ఉంది. మీ నాన్న మళ్ళీ వచ్చాడు. నువ్వు మేలో ఏమన్నావో చెబితే గానీ ఈసారి కాఫీ లేదన్నాను. చెప్పాడు. మొహం గంటు పెట్టుకుని కాఫీ తాగాడు. పంచదార సరిపోయిందట.

మొదటి ఉత్తరంలోనే రాశానన్నావు. ఏం రాసిందే అని భాగ్యమ్మని అడిగితే, ఉన్నదంతా చదివానని తన పిల్లల మీద ఒట్టేసింది. నిన్న దాని ఫోను ఇలా తీసుకురమ్మని నేనే చదువుకోవడం మొదలుపెట్టాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుని. "ఇంతకంటే రాయను" దగ్గరికి వచ్చాను. దాని కింద చిన్నగా, వెనక పేజీ చూడు అని ఉంది. "ఇదేమిటే?" అన్నాను. భాగ్యమ్మ వచ్చి వేలితో అలా తోసింది. ఇంకో ఫొటో వచ్చింది.

ఆ రోజు కండక్టరు చట్నీ అడిగాడు తల్లీ. అది చట్నీ పొయ్యడానికి ఫోను బొడ్లో పెట్టుకుంది. రెండో ఫొటో ఎవరూ తెరవలేదు. జూలై నుంచి అది దాని బొడ్లోనే ఉంది. నేను రోజూ దాని పక్కనే కూర్చుని, ఇది తిరిగి వచ్చే మాట రాయలేదు అని ఏడుస్తున్నాను.

భాగ్యమ్మ తల బాదుకుంది. నేను నవ్వాను. కన్నుకి నీళ్ళు తగలకూడదన్నారు డాక్టరు గారు, అందుకని ఆపుకున్నాను. తర్వాత ఆ పేజీ నాలుగుసార్లు చదివాను. మళ్ళీ మళ్ళీ రాయను, సిగ్గు అన్నావు. రాయక్కర్లేదు. ఒకసారి రాసింది చాలు. నాకు ఇప్పుడు కనపడుతుంది.

నీళ్ళు కాచుకుని తాగు. చెప్పులు వేసుకో. నాట్లు అయిపోయాయి, నువ్వొచ్చేసరికి కోతలకొస్తాయి.

నీ అత్త,
ఎస్తేరు

ఇది ఒక్క పేజీయే. వెనక ఏమీ రాయలేదు. అయినా ఒకసారి చూడు.